నోటి మాట, చేతి పని: పదో తరగతిలో పాత్ర చిత్రణ చెప్పిన అనుభవం

తెలంగాణలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటుగా ఇంగ్లిష్ చెబుతాను. ఈ కేస్ స్టడీలో ఊరి పేరు, విద్యాసంవత్సరం, పిల్లల పేర్లు ఉండవు. ఎవరినైనా పోల్చుకునే వీలున్న చోట వివరాలు మార్చాను. పిల్లల మాటలు మాత్రం నా డైరీలో రాసుకున్నవే.

నేపథ్యం

సెక్షనులో 34 మంది. సగానికి పైగా మధ్యలో తెలుగు మాధ్యమం నుంచి ఇంగ్లిష్ మాధ్యమంలోకి మారినవారు. చదవమంటే తడబడకుండా చదువుతారు, అర్థం అడిగితే తల దించుకుంటారు. పాఠం, రెండో యూనిట్‌లోని ఏకాంక నాటకం 'ది డియర్ డిపార్టెడ్'. స్టాన్లీ హౌటన్ రాసినది, 1908లో మాంచెస్టర్‌లో తొలిసారి ప్రదర్శించారు.

కథ తెలియనివారి కోసం రెండు ముక్కలు. తండ్రి ఏబెల్ చనిపోయాడనుకుంటుంది అమీలియా. చెల్లెలో అక్కో అయిన ఎలిజబెత్ వచ్చేలోగా తండ్రి గదిలోని బ్యూరోను (సొరుగుల బల్లను), గడియారాన్ని భర్త హెన్రీ సాయంతో కిందికి దింపి తన ఇంటి సామానులో కలిపేస్తుంది. హెన్రీ కాళ్లకు మామగారి కొత్త చెప్పులు ఎక్కుతాయి. ఎలిజబెత్, ఆమె భర్త బెన్ వస్తారు. పంపకాల మాట నడుస్తుండగా 'చనిపోయిన' ముసలాయన మేడ మీది నుంచి దిగి వస్తాడు. (ఎలిజబెత్ పెద్దమ్మా పిన్నా అని మనవరాలు విక్టోరియా తరఫున క్లాసులో పెద్ద చర్చే జరిగింది. ఇంగ్లిష్‌కు ఆ బాధ లేదు, తెలుగుకు తప్పదు. చివరికి 'పిన్ని' అని ఓటేశారు.)

ఎదురైన చిక్కు

పాఠం అయ్యాక చిన్న స్లిప్ టెస్ట్ పెట్టాను. రెండే ప్రశ్నలు: అమీలియా ఎలాంటి మనిషి? ఈ నాటకం దేని గురించి? 34 పేపర్లలో 29 పేపర్లు అమీలియాను ఒకే మూడు విశేషణాలతో వర్ణించాయి: స్వార్థపరురాలు, దురాశపరురాలు, క్రూరురాలు. అవే మూడు, అదే వరుస. గైడులో ఉన్న వరుస. రెండో ప్రశ్నకు జవాబులు రెండు రకాలు. కొందరు 'దురాశ దుఃఖానికి చేటు' అన్న మన సామెతను ఇంగ్లిష్‌లోకి దించారు. మిగిలినవారు 'విట్ అండ్ హ్యూమర్' అని రాశారు.

ఈ రెండోది చూసి మొదట నవ్వాను. తర్వాత పాఠ్యపుస్తకం తెరిస్తే నవ్వు పోయింది. యూనిట్‌కు 'థీమ్' అని పుస్తకంలో అచ్చయిన మాటే అది. మొదటి యూనిట్‌కు వ్యక్తిత్వ వికాసం, రెండోదానికి హాస్యం, మూడోదానికి మానవ సంబంధాలు. పిల్లలు తప్పు రాయలేదు, పుస్తకం చెప్పిందే రాశారు. యూనిట్ వర్గీకరణకు వాడిన మాటా, ఒక రచన లోపలి నుంచి తీయాల్సిన భావానికి వాడే మాటా ఒకటే అయితే పదిహేనేళ్ల పిల్లలు ఏం చేయాలి?

పాత్రల విషయంలో మూలం ఇంకా లోతుగా ఉంది. పక్క పీరియడులో తెలుగు ఉపవాచకంగా రామాయణం చదువుతున్నారు. అక్కడ పాత్ర స్వభావం రాయమంటే రాముడు పితృవాక్య పరిపాలకుడు, లక్ష్మణుడు అన్న మాట జవదాటనివాడు అని మొదలుపెడతారు. అది తప్పనడం లేదు. తరతరాలుగా తీర్పు తేలిపోయిన పాత్రలవి. పిల్లలు అదే అలవాటును ఇక్కడికి తెచ్చుకున్నారు: ముందు తీర్పు, తర్వాత వీలైతే సాక్ష్యం. చిన్నప్పటి నుంచి విన్న ప్రతి కథ కిందా 'నీతి' అని ఒక పంక్తి ఉంటే, నాటకం కిందా అదే వెతుకుతారు. కాబట్టి నా అంచనా ఇదీ: ఇది ఇంగ్లిష్ రాకపోవడం వల్ల వచ్చిన లోపం కాదు, చదివే అలవాటులోని లోపం. ఈ అంచనా సగమే సరైనదని తర్వాత తెలిసింది.

మొదట చేసినవి, అవి ఎందుకు పోయాయి

శిక్షణ తరగతుల్లో నేర్చుకున్న పట్టికను బోర్డు మీద గీశాను. అయిదు గడులు: పాత్ర మాటలు, ఆలోచనలు, ఇతరుల మీద చూపే ప్రభావం, చేతలు, రూపం. ప్రతి గడిలో పాఠం నుంచి ఒక ఆధారం రాయాలి. గడి ఖాళీగా ఉంటే పిల్లలకు అవమానం కనుక తప్పకుండా నింపుతారని నా ఆలోచన. నింపారు కూడా. 'ఆలోచనలు' గడిలో 'ఆమె దురాశగా ఆలోచిస్తుంది' అని రాశారు. విశేషణం ఒక గడిలోంచి ఇంకో గడిలోకి మారింది, అంతే.

తప్పు పిల్లలది కాదని ఇంటికి వెళ్లాక తట్టింది. ఆ పట్టిక కథలకూ నవలలకూ చేసినది. అక్కడ పాత్ర మనసులో ఏముందో చెప్పడానికి కథకుడు ఉంటాడు. నాటకంలో కథకుడు లేడు. ఉన్నవి మాటలు, రంగ సూచనలు, వస్తువులు. లేనిదాని కోసం గడి గీసి నేనే గైడును ఆహ్వానించాను.

రెండో ప్రయత్నం ఇంకా సిగ్గుచేటు. బి.ఇడి.లో చదివిన ఇంగ్లిష్ నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ విభజనను తెచ్చాను. 1927లో ఆయన చెప్పిన బల్లపరుపు పాత్రలు (ఒకే గుణంతో ఉండిపోయేవి), గుండ్రని పాత్రలు (ఎన్నో కోణాలుండి మనల్ని ఆశ్చర్యపరచగలవి). 'అమీలియా నాటకం మొదట్లో ఎలా ఉంది, చివర్లో ఎలా మారింది?' అని అడిగాను. ఒక అమ్మాయి లేచి, 'మారలేదు టీచర్, దొరికిపోయింది' అంది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ పిల్ల చెప్పిందే నిజం. ఇలాంటి ఏకాంక ప్రహసనంలో పాత్రలు ఎదగవు, బయటపడతాయి. అడగకూడని ప్రశ్న అడిగి జవాబు రాలేదని బాధపడుతున్నాను. ఆమె మాటను డైరీలో రాసుకున్నాను కానీ, దాని విలువ తెలియడానికి ఇంకో వారం పట్టింది.

మూడోది పొరపాటు కాదు, తప్పు. పాఠాన్ని జీవితానికి ముడిపెట్టాలంటారు కదా అని, 'మీ ఇళ్లలో, మీ బంధువుల్లో ఇలాంటి పంపకాల గొడవ చూశారా?' అని అడిగేశాను. నిశ్శబ్దం. వెనక బెంచీలో ఒక అబ్బాయి తల బల్లకు ఆనించేశాడు. వాళ్ల నానమ్మను కొడుకులు వంతులేసుకుని చూస్తున్నారని, ఆ నెల వంతు ఎవరిదన్న దగ్గర ఇంట్లో మాటామాటా పెరిగిందని పక్క ఊరి నుంచి వచ్చే మా సహోపాధ్యాయుడు తర్వాత చెప్పారు. నాటకం అంత దగ్గరిదని నాకు తెలియాల్సింది. తెలుగునాట ముసలి తల్లిదండ్రుల 'వంతులు' తెలియని టీచరు ఉంటుందా? దగ్గరిది కాబట్టే పిల్లలు నోరు విప్పలేరన్న సంగతి నాకు తట్టలేదు. మరునాడు ఆ ప్రశ్నను వెనక్కి తీసుకున్నానని క్లాసులోనే చెప్పాను. నాటకంలోని ఇల్లు మనకు చాలు, మన ఇళ్ల జోలికి వద్దు అన్నాను. ఆ అబ్బాయి తల ఎత్తాడు.

అర్థం కానిది ఏమిటో ముందు తేల్చుకోవడం

ఇక్కడ ఆగి, పిల్లలకు నాటకంలో అసలు ఏది తెలియడం లేదో ఒక పీరియడు మొత్తం వాళ్లనే అడిగించాను. తెలుగులో. ఇంగ్లిష్ పీరియడులో తెలుగు వాడటం మీద మా స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల టీచర్ల) సమావేశాల్లో జరిగే వాదనలు నాకు తెలుసు. నా లెక్క వేరు: ఆలోచన తెలుగులో పుట్టాలి, రాత ఇంగ్లిష్‌లో జరగాలి. రెండూ ఒకేసారి ఇంగ్లిష్‌లో చేయమంటే పిల్లలు ఆలోచననే వదులుకుంటారు, ఎందుకంటే రాతకు మార్కులున్నాయి.

ప్రశ్నలు విని ఆశ్చర్యపోయాను. 'నల్ల బట్టలు ఎందుకు, అయ్యప్ప మాల వేశారా?' అని ఒకడు అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే. మన దగ్గర సంతాపానికి నలుపు లేదు. అమీలియా నల్ల దుస్తుల్లో ఉన్నా పూర్తి సంతాప వేషంలో లేదు. ఎలిజబెత్ మాత్రం తల నుంచి కాలి దాకా కొత్త నలుపుతో వచ్చింది. అది చూసి అమీలియా కుతకుతలాడిపోతుంది. దుఃఖంలో కూడా పోటీ నడుస్తోందన్న ఈ చిన్న విషయం పాత్ర చిత్రణకు ప్రాణం. పిల్లలకు అది రంగుగా మాత్రమే కనిపించింది.

ఇంకొకటి బీమా. తండ్రి ప్రీమియం కట్టాడా లేదా అని ఆ ఇంట్లో ఆరాటం. మా పిల్లలకు తెలిసిన బీమా రైతు బీమా. 2018లో మొదలైన ఆ పథకంలో ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది, రైతు చేతి నుంచి పైసా పోదు. కాబట్టి 'కట్టాడా?' అన్న ప్రశ్నలో వాళ్లకు ఉత్కంఠే లేదు. ఒకడైతే, 'తాతకు అరవై దాటే ఉంటాయి టీచర్, ఆయనకు రాదు' అని తేల్చేశాడు. రైతు బీమా 59 ఏళ్ల వరకే అన్నది వాడికి నాకంటే బాగా తెలుసు. అప్పుడు చెప్పాను: వాయిదా కట్టకుండా ఆయన పోతే వీళ్లకు డబ్బు రాదు, అందుకే ఏడుపు మధ్యలో రసీదు గుర్తుకొస్తోంది. క్లాసు 'ఓ' అంది. ఒక పాత్ర గుట్టు ఆ ఒక్క అక్షరంలో విప్పుకుంది.

బ్రిటన్‌లో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది కూడా ఈ నాటకం ఆడిన 1908లోనే. 70 ఏళ్లు దాటిన పేదలకు వారానికి అయిదు షిల్లింగులు, 1909 జనవరి నుంచి. అంతకుముందు ముసలితనం అంటే చాలామందికి పిల్లల దయే అని చెప్పి, ఆసరా పింఛను మాట ఎత్తాను. దీని మీద ఎక్కువసేపు ఆగలేదు. ఏబెల్ అంత పేదవాడు కాడు, పింఛను పాఠంగా మారితే నాటకం పక్కకు పోతుంది.

అంటే నా మొదటి అంచనాలో లోపం ఇదీ: పిల్లలు తీర్పు ముందు పెట్టడానికి అలవాటు ఒక కారణం, సాక్ష్యాలు సాక్ష్యాలుగా కనిపించకపోవడం రెండో కారణం. నలుపు, రసీదు, బ్యూరో, ఇవేవీ వాళ్లతో మాట్లాడటం లేదు.

పనిచేసినది

'మారలేదు, దొరికిపోయింది' అన్న అమ్మాయి మాట దగ్గరికి మళ్లీ వచ్చాను. దొరికిపోవడం అంటే? చెప్పేదానికీ చేసేదానికీ పొంతన లేదని బయటపడటం. అయిదు గడులు చెరిపేసి రెండే గీశాను: ఎడమ వైపు 'నోరు', కుడి వైపు 'చేయి'. పాత్ర నోటితో ఏమంటోంది, అదే సమయంలో చేతులు ఏం చేస్తున్నాయి. విశేషణాలు నిషేధం. ఒక్క విశేషణం వాడినా ఆ వరుస కొట్టివేత.

పాత్రతో మొదలుపెట్టకుండా వస్తువుతో మొదలుపెట్టాను. 'బ్యూరో ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లింది? ఎవరెవరు ముట్టుకున్నారు? ముట్టుకున్నప్పుడు ఎవరేమన్నారు?' వస్తువు మీద నీతి చెప్పడం ఎవరికీ రాదు కదా. అమీలియా మంచిదా చెడ్డదా అని అడిగితే గైడు పలుకుతుంది. బ్యూరో ఏ మెట్టు మీద ఉందని అడిగితే పుస్తకం తెరవాల్సిందే. పిల్లలు దాన్ని 'బీరువా' అని పిలవడం మొదలుపెట్టారు. కొన్నిచోట్ల దిద్దకపోవడమే మేలు. మన ఇళ్లలో బంగారమూ పట్టాదారు పుస్తకమూ ఉండేది బీరువాలోనే కనుక, ఆ మాటతో సగం అర్థం ఉచితంగా వచ్చింది.

నలుగురు పిల్లలు టీచర్ల బల్లను బీరువాగా మోస్తూ ఆ ఘట్టాన్ని ఆడారు. ఆడుతుంటే హెన్రీ బయటపడ్డాడు. గైడులో హెన్రీకి ఒక్క పంక్తి, భార్య చాటు భర్త అని. కానీ మోసే కుర్రాడు ఆగి అడిగాడు: 'టీచర్, వీడు వద్దన్నట్టు మాట్లాడుతూనే కోటు విప్పుతున్నాడు. కోటు ఎప్పుడు విప్పాలి, మాటకు ముందా, తర్వాతా?' పట్టికలో హెన్రీ వరుస నిండింది. నోరు: ఇది బాగుంటుందా అన్న సంశయం. చేయి: కోటు విప్పి బీరువా పట్టుకోవడం. కాళ్లకు మామగారి కొత్త చెప్పులు. 'నోరు మంచిది, చేయి అమీలియాది' అని ఒకరు రాశారు. రెండేళ్లలో నా క్లాసులో వచ్చిన అతి మంచి వాక్యం అదే. తెలుగులో వచ్చింది. దాన్ని ఇంగ్లిష్‌లోకి తేవడానికి అరగంట పట్టింది, ఆ అరగంటను నేను వృథాగా లెక్కపెట్టను.

విక్టోరియా వరుస దగ్గర ఇంకో విశేషం. పిన్ని రాకముందే దీన్ని కొట్టేస్తున్నామా అన్న అర్థంలో ఆ పదేళ్ల పిల్ల అడుగుతుంది. ఆమె నోటికీ చేతికీ మధ్య తేడా లేదు. పట్టిక రెండు వైపులా ఒకటే వచ్చిన పాత్ర ఆమె ఒక్కతే. ఇది నేను చెప్పలేదు, పట్టిక చూసి పిల్లలే అన్నారు.

అక్కడి నుంచి భావానికి

ఇప్పుడు 'నీతి ఏమిటి' అని అడగలేదు. 'ఈ పట్టిక అంతటికీ సరిపోయే ఒక్క మాట చెప్పండి. ఒక్క వరుసకైనా సరిపోకపోతే అది చెల్లదు' అన్నాను. మొదట లేచిన అబ్బాయి, ఆడవాళ్లు ఆస్తి కోసం కొట్లాడుకుంటారని అన్నాడు. అమ్మాయిలు భగ్గుమన్నారు. నేను తిట్టలేదు, పట్టిక చూడమన్నాను. చెప్పులు ఎవరి కాళ్లకున్నాయి? బీరువా రెండో వైపు ఎవరు పట్టుకున్నారు? వాడే కూర్చుని, 'చెల్లదు' అన్నాడు. ఆ మాటను నేను ఖండించి ఉంటే వాడు నోరు మూసుకునేవాడు, అభిప్రాయం మారేది కాదు.

తర్వాత వచ్చినదే ఈ కేసు రాయడానికి కారణం. ఏడాదంతా మూడు మాటలు కూడా మాట్లాడని ఒక అమ్మాయి, ముసలాయన పాత్రకు కూడా పట్టిక వేయాలంది. అప్పటిదాకా ఎవరికీ ఆ ఆలోచన రాలేదు, నాకూ రాలేదు. ఆయన బాధితుడు కదా, బాధితుడికి పరీక్ష ఎందుకు? ఆమె వాదన: తాను చనిపోయేటప్పుడు ఎవరింట్లో ఉంటే వాళ్లకే ఆస్తి అంతా రాస్తానంటాడు కదా. అంతవరకు మీ వంతంటే మీ వంతని తోసుకున్న అక్కచెల్లెళ్లు అప్పుడు మా ఇంటికంటే మా ఇంటికని లాగుతారు. 'అంటే తాతయ్య కూడా బీరువా చూపించే ప్రేమను పిలుస్తున్నాడు టీచర్.'

క్లాసు రెండుగా చీలింది. ఒక పక్షం ఎర అంది, ఇంకో పక్షం పరీక్ష అంది. ఎవరికి ఓటేయాలో నాకు తెలియలేదు, తెలియదనే చెప్పాను. ఆధారం ఎక్కడుందో మాత్రం వెతకమన్నాను. దొరికింది. సోమవారం తాను చేయబోయే పనులు మూడని చెబుతాడు ఏబెల్: లాయరు దగ్గరికెళ్లి వీలునామా మార్చడం, బీమా ఆఫీసులో ప్రీమియం కట్టడం, చర్చికెళ్లి పెళ్లి చేసుకోవడం. పెళ్లి మాట చివరిది. అంటే అక్కచెల్లెళ్లను పోటీ పడనిచ్చి, చూసి, తర్వాతే అసలు సంగతి చెప్పాడు. 'పరీక్షే' అంది రెండో పక్షం. అప్పుడు ఆ అమ్మాయే చివరి మాట చదివింది: బ్యూరోను కిందికి దింపినందుకు అమీలియాకు ధన్యవాదాలు చెబుతాడు, సోమవారం తీసుకెళ్లడం తేలికవుతుందంటాడు. నోరు: ధన్యవాదం. చేయి: బీరువా తీసుకుపోవడం. ఆయన కూడా ఆ ఇంటివాడే.

చివరికి బోర్డు మీద రెండు వాక్యాలు నిలిచాయి. ఆ ఇంట్లో మనుషుల విలువను వస్తువులతో కొలుస్తారని, ముసలాయన వాళ్లను వాళ్ల కొలతతోనే ఓడించాడని ఒకటి. డాక్టరు కూడా చూడకుండానే ఆయన పోయాడని ఇంటిల్లిపాదీ నమ్మేశారని, అక్కర తీరిన మనిషిని ఎవరూ దగ్గరికెళ్లి చూడరని రెండోది. రెండింటిలో ఏది సరైనదని అడిగారు. రెండూ పట్టికకు నిలిచాయి కనుక రెండూ సరైనవే అన్నాను. కొందరికి ఇది నచ్చలేదు. పరీక్షలో ఏది రాయాలన్నదే వాళ్ల బెంగ.

మిగిలిన చిక్కులు

ఆ బెంగ న్యాయమైనదే. మూల్యాంకనంలో పేపరు దిద్దేవారు ఎవరో తెలియదు, వాళ్ల ముందు ఉండే జవాబుల సూచిలో మూడు విశేషణాలే ఉండవచ్చు. ఆలోచించి ఒక రాజీ చేశాను: మొదటి వాక్యంలో విశేషణం పెట్టండి, రెండో వాక్యం నుంచి నోరు, చేయి. స్వచ్ఛమైన పద్ధతి కాదు. పిల్లల మార్కులతో నా సిద్ధాంతాన్ని పరీక్షించుకునే హక్కు నాకు లేదనిపించింది.

తర్వాతి ఫార్మేటివ్ పరీక్షలో 34 మందిలో 15 మంది ఆధారంతో రాశారు. పది మంది ఆధారం ఎత్తిరాసి, దానికీ విశేషణానికీ ముడి వేయలేకపోయారు. మిగిలినవారు గైడు దగ్గరే ఉన్నారు. వ్యాకరణం తప్పులు అలాగే ఉన్నాయి, నిజం చెప్పాలంటే కొంచెం పెరిగాయి. బట్టీ వాక్యంలో తప్పులుండవు, సొంత వాక్యంలో ఉంటాయి. ఈ మాట తల్లిదండ్రుల సమావేశంలో వివరించడానికి చాలా కష్టపడ్డాను. ఒక తండ్రి, 'మరి మార్కులు తగ్గితే?' అని అడిగారు. తగ్గవచ్చనే చెప్పాను.

పద్ధతికి హద్దులున్నాయి. ఏడాది చివర ఒక కవితకు ఇదే పట్టిక వేయబోయి బోల్తా పడ్డాను. అక్కడ చేయి లేదు, నోరొక్కటే ఉంది. జీవితచరిత్ర పాఠాలకూ పనికిరాలేదు, ఎందుకంటే అందులో పొంతన కుదరని పాత్రలను ఎవరూ రాయనివ్వరు. మాటకూ చేతకూ మధ్య దూరం ఉన్న కథలకు, నాటకాలకు మాత్రమే ఇది. వస్తువుతో మొదలుపెట్టడం మాత్రం దాదాపు ప్రతి కథకూ పనికొచ్చింది. ఇప్పుడు కొత్త పాఠం చేతికొస్తే ముందు అందులో చేతులు మారే వస్తువు ఏదైనా ఉందా అని చూసుకుంటాను.

బల్లకు తల ఆనించిన అబ్బాయి ఆ చర్చలన్నింటిలో ఒక్కసారీ మాట్లాడలేదు, నేనూ పిలవలేదు. పేపరులో మాత్రం నచ్చిన పాత్రగా విక్టోరియాను ఎంచుకున్నాడు. ఇంటినిండా పెద్దవాళ్లుండగా అడగాల్సిన ప్రశ్న అడిగింది ఆ పిల్ల ఒక్కతేనని, అడిగినందుకు ఎవరూ నిజమైన జవాబు చెప్పలేదని తప్పుల ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు రాశాడు. స్పెల్లింగులు దిద్దడానికి తీసిన ఎర్ర పెన్ను మూత పెట్టేసి, పూర్తి మార్కులు వేసి ఇచ్చాను.